కొత్త మిషన్‌కు కొబ్బరినీళ్లు

నిన్న పొద్దున వెల్డింగ్ రాడ్లు కొనడానికి మేడ్చల్ పోయాను. మా ఇంటి ముందు రేకుల షెడ్డులో మా ఇంటాయన గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. ఆయన చేతిలో పని ఉంటే సామాను తెచ్చేది నేనే. కొట్టులో నాకంటే ముందు ఒక పడుచు జంట నిలబడి ఉంది. కొత్తగా పని మొదలుపెడుతున్నారట, ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ కొన్నారు. ఆ అమ్మాయి పసుపు కుంకుమలు ఇంటి నుంచే పొట్లం కట్టుకొని తెచ్చుకుంది. తడి పసుపు వేలికి తీసుకొని సరిగ్గా మిషన్ పక్క భాగంలో గాలి ఆడే జాలి మీద పెట్టబోయింది. పెనిమిటి చేతిలో టెంకాయ ఉంది.

"ఆగు బిడ్డా, ఆ జాలి మీద పెట్టకు. పైన చేత్తోని పట్టుకునే కాడ పెట్టు. టెంకాయ అవతల గడప మీద కొట్టుకోండ్రి," అన్నాను.

కొట్టాయన నవ్వాడు. "ఏంది అక్కా, నువ్వు గూడ మిషన్ల డాక్టర్‌వైనవా?"

రాడ్ల డబ్బా సంచిలో వేసుకొని వచ్చేశాను. అప్పటి నుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి పోయాను. వాకిట్లోకి ఎందుకు వచ్చానో గుర్తురాక మళ్లీ లోపలికి పోయేసరికి పాలు పొంగి పొయ్యంతా పాడైంది. ఇట్లా కుదురు లేకపోవడం నా గుణం కాదు. అది మా మామ గుణం.

మామ అంటే మా ఇంటాయనకు మేనమామ, ఆయనకు పని నేర్పిన మేస్త్రి. పెండ్లాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. అల్వాల్‌లో కిరాయి షెడ్డు ఖాళీ చేయమన్నప్పుడు తన వెల్డింగ్ మిషన్‌ను ట్రాలీ ఆటోలో ఎక్కించుకొని, షామీర్‌పేట దగ్గర మా ఊరికి, మా ఇంటికి వచ్చాడు. ఆటోలో మిషన్ కూర్చుంది, ఆయన మాత్రం దాని పక్కన నిలబడే వచ్చాడు. ఆయన పోయి ఈ ఎండాకాలానికి రెండేండ్లు.

మామ కూర్చోగా చూసినవాళ్లు మా వాడలో తక్కువ. చాయ్ తిరుగుతూ తాగేవాడు. అన్నం పళ్లెం ఎడమ చేత్తో పట్టుకొని, గేటు దాకా పోయి ఒక ముద్ద, నల్లా దాకా వచ్చి ఒక ముద్ద తినేవాడు. చారు ఒలుకుతుందని నేను మొత్తుకుంటే, "కూసున్న ఇనుముకు తుప్పు, కూసున్న మనిషికి జబ్బు," అనేవాడు. నిద్రలో కూడా కాలి వేళ్లు కదులుతుండేవి. పెండ్లికి పిలిస్తే పెండ్లికొడుకును చూసేవాడు కాదు, పందిరి గుంజల అతుకులు చూసేవాడు. గుండ్లపోచంపల్లిలో మా ఆడబిడ్డ కొత్తిల్లు కట్టుకొని గృహప్రవేశం చేస్తే, లోపల వ్రతం నడుస్తుంటే ఈయన బయట గేటు అతుకుల మీద బొటనవేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతున్నాడు. "ఎవడో నిద్రమొహపోడు పెట్టిండు రాడ్," అన్నాడు. ఆ గేటు చేసినతను పక్కనే భోజనం చేస్తున్నాడు.

ఆయన పాత మిషన్ ఇనుప బీరువా అంత ఉండేది. లోపలంతా రాగి చుట్లు. కదపాలంటే నలుగురు కావాలి. మీట వేయగానే బర్రె నెమరేసినట్టు గుర్రుమనేది. రాడ్ ఇనుముకు తగిలించగానే మా వాడంతా బల్బులు గుడ్డివయ్యేవి. పక్కింటి వదిన గోడ మీదుగా తల పెట్టి, "ఓ మేస్త్రీ, జర చట్నీ అయిందాక ఆగు, నా మిక్సీ పాయె," అనేది. ఈయన ఆగేవాడు. చట్నీ అయ్యేదాకా సుత్తితో ఊరికే ఇనుమును కొడుతూ షెడ్డులో తిరిగేవాడు.

ఆ మిషన్‌తో బతకడం కష్టమైంది. లైన్‌మన్ రెండుసార్లు వచ్చి ఇంటి కరెంటు మీద ఇంత పెద్దది నడపొద్దన్నాడు. పని కూడా మారింది. ఇదివరకు జనం మా షెడ్డుకు వచ్చి గేటు చేయించుకొని ఎత్తుకుపోయేవారు. ఇప్పుడు కీసర దాకా ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు. అక్కడికే వచ్చి మూడో అంతస్తులో గ్రిల్ బిగించమంటారు. మూడో అంతస్తుకు బీరువాను ఎవరు మోస్తారు? అందుకని మా ఇంటాయన ఇన్వర్టర్ మిషన్ తెచ్చాడు. చిన్న సూట్‌కేసంత ఉంటుంది. భుజానికి తగిలించుకోవడానికి పట్టీ కూడా ఉంది.

మామ దాని చుట్టూ రెండుమార్లు తిరిగాడు. "గిది మిషనా, చీరల డబ్బనా?" అన్నాడు.

"మామా, దీంట్ల బల్బులు గుడ్డిగ కావు. పల్చటి పైపుకు బొక్కలు పడవు," అన్నాడు మా ఇంటాయన.

"సప్పుడే లేదు. సప్పుడు లేని మిషన్‌ను, నవ్వని మనిషిని నమ్మద్దు."

అంతే, దాన్ని ముట్టలేదు. మొదట నాకు మొండితనం అనిపించింది. తరువాత తెలిసింది, అది భయం. పాత మిషన్‌కు ముందు వైపు రంధ్రాలుంటాయి. మూడో రంధ్రంలో వైరు పెడితే ఎంత కరెంటు, నాలుగో దాంట్లో పెడితే ఎంత అని ఆయన చెవికి తెలుసు. కొత్తదానికి ఎర్రటి అంకెలు వెలుగుతాయి. మామ కండ్లకు పొర వస్తూ ఉంది. ఆ అంకెలు ఆయనకు ఎర్రటి మరకల్లాగా కనబడేవి. ఆ సంగతి మేనల్లుడితో చెప్పలేదు. చెబితే పనికి వద్దంటాడని, మంచం వేసి కూర్చోబెడతాడని గుబులు. పని పోతే తాను ఆ ఇంట్లో ఉత్త తిండి తినే ముసలోడు అవుతాడని ఆయనకు తెలుసు. ఇక అప్పటి నుంచి తిరగడం ఇంకా ఎక్కువైంది. పొద్దున లేచేసరికి వాకిలంతా ఆయన చెప్పుల గుర్తులే.

అట్లా ఉండగా దసరా వచ్చింది.

ప్రతి ఏడూ ఆయుధపూజ మామే చేసేవాడు. పాత మిషన్‌ను తడిబట్టతో తుడిచి, పసుపు నీళ్లలో కలిపి నాలుగు పక్కలా పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఆ నీళ్లు దాని నెత్తి మీద పోసేవాడు. "ఏడాదంత మంటల ఉంటది, ఇయ్యాల ఒక్క దినం సల్లగ ఉండని," అనేవాడు. దానికేమీ అయ్యేది కాదు. బర్రెకు స్నానం చేయించినట్టే. ఆ ఏడు మాత్రం తన మిషన్ పూజ తాను చేసుకొని చేతులు కడుక్కున్నాడు.

"మరి దీనికి?" అని కొత్తదాన్ని చూపించాను.

"గా డబ్బకు నువ్వే జెయ్యి కోడలా."

మా ఇంటాయన బంతిపూలకు పోయి ఇంకా రాలేదు. నేను మామ చేసినట్టే చేశాను. పదేండ్లు చూశాను కదా, ఒక్క వరస తప్పలేదు. పసుపు చిక్కగా కలిపి నాలుగు పక్కలా పూశాను. ఆ పక్కల్లో గాలి జాలీలు ఉన్నాయి, వాటి మీద కూడా పూశాను. టెంకాయ కొట్టి నీళ్లు నిండుగా దాని నెత్తి మీద పోశాను. పైనుంచి జారి నీళ్లు ఎటు పోయాయో చూడలేదు. దండం పెట్టుకున్నాను, ఇల్లు చల్లగా ఉండాలని. మామ కూడా చూస్తూనే ఉన్నాడు. ఇద్దరిలో ఎవరికీ ఏమీ తోచలేదు.

మర్నాడు పొద్దున మా ఇంటాయన మీట వేశాడు. టప్‌మని చప్పుడు, కమురు వాసన, సన్నటి పొగ. మిషన్ చచ్చిపోయింది. ఎత్తి వంచితే జాలీలోంచి పచ్చటి నీళ్లు కారాయి.

మా ఇంటాయన మొహం కూడా పచ్చబడింది. ఆ వారంలో ఒక గేటు ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. తిరిగి చూస్తే షెడ్డు గుంజ దగ్గర మామ.

"పూజ జేసేది నువ్వే గద మామా. దీని మీద నీళ్లు నువ్వే పోసినవా?"

నేను నోరు తెరిచాను. మాట బయటికి రావడానికి ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు. ఆ రెప్పపాటులోనే మామ నా వైపు ఒక్కసారి చూసి, "అవ్, నేనే పోసిన," అన్నాడు.

"ఎర్కలేక పోసినవా, కావాల్నని పోసినవా?"

మామ కాళ్లు అప్పుడే వాకిలి వైపు తిరిగాయి.

"నీకు ఇది ఇష్టం లేదు. వచ్చిన దినం నుంచి లేదు. ఇష్టం లేకుంటే నోటితోని చెప్పాలె గని, గిట్ల జేస్తరా ఎవరన్న?" మా ఇంటాయన గొంతు పెంచడు, తగ్గిస్తాడు. అప్పుడు బాగా తగ్గించాడు. "ఇగ షెడ్డుల అడుగు పెట్టకు. నీకు అన్నానికి తక్కువ జెయ్య. కూసొని తిను."

కూసొని తిను. ఆ మాట మామను ఎక్కడ తాకుతుందో నాకు తెలుసు, మా ఇంటాయనకూ తెలుసు. మామ సరే అని తలూపి వాకిట్లోకి పోయాడు. నేను నోరు మూసుకున్నాను. భయం. అంతే.

మా ఇంటాయన ఒప్పుకున్న గేటును పాత మిషన్ మీద చేయాల్సి వచ్చింది. ఇప్పటి గేట్ల పైపులు పల్చన. "గిది ఇనుమా, అప్పడమా?" అనేవాడు మామ వాటిని చూసి. రాడ్ తగిలించగానే బొక్క పడుతుంది. ఆ బొక్క పూడ్చబోతే పక్కన ఇంకొకటి. మామ షెడ్డు అంచు దాకా వచ్చేవాడు. సిమెంటు మొదలయ్యే గీత దగ్గర చెప్పుల కొనలు ఆగేవి. లోపల చూడకుండానే, చప్పుడు విని, "రాడ్ పండబెట్టు... జల్దీ గుంజు, జల్దీ," అనేవాడు. మా ఇంటాయన జవాబు ఇచ్చేవాడు కాదు. కానీ రాడ్ పండబెట్టేవాడు.

చచ్చిపోయిన మిషన్‌ను మేడ్చల్‌లో రిపేరుకు ఇవ్వాలి. గేటు పని వదిలి మా ఇంటాయనకు పోవడం కుదరలేదు. "ఖరాబ్ జేసినోడే తీస్కపోతడు," అని మామ దాన్ని భుజానికి తగిలించుకున్నాడు. నాకు మనసాగక వెంట పోయాను. షేర్ ఆటోలో దాన్ని ఒడిలో పెట్టుకున్నాడు. ఆయన కూర్చోక తప్పని చోటు అదొక్కటే. మోకాళ్లు ఆడిస్తూనే ఉన్నాడు, మిషన్ కూడా ఆడుతూ ఉంది.

"ఏం బరువు లేదు పిల్లా. సంటిపోరన్ని ఎత్తుకున్నట్టున్నది," అన్నాడు.

రిపేరు చేసే అతను స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపల ఆకుపచ్చ పలక మీద నా పసుపు ఎండి పొలుసుగట్టి ఉంది. అక్కడక్కడ కుంకుమ. అతను మమ్మల్నిద్దరినీ చూశాడు.

"ఎవరు జేసిన్రు దీనికి అభిషేకం?"

"నేనే," అన్నాడు మామ, నేను ఊపిరి పీల్చుకునే లోపల.

"పెద్దాయనా, దీని వెనుక పంకా ఉన్నది జూడు. గాలి గుంజుకుంటది. జాలి మీద ఏం పెట్టినా మింగుతది. బొట్టు పెట్టాల్నంటే పైన పట్టుకునే కాడ పెట్టు, నీళ్లు దూరం."

మామ వంగి లోపలికి చూశాడు. కండ్లు చిన్నవి చేసి చాలాసేపు చూశాడు. "మరి రాగి ఏది?" అన్నాడు.

"గంత రాగి ఇప్పుడెక్కడిది, అంత గీ పలకలనే ఉన్నది."

"గింతేనా?" అన్నాడు మామ. ఆ మాటలో వెటకారం లేదు. మీద పడుతుందని దడుచుకున్న దున్నపోతు దగ్గరికి వచ్చాక దూడ అని తేలితే ఎట్లా అంటారో అట్లా అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు చెప్పాను. "మామా, ఇయ్యాల ఆయనకు చెప్త. నేనే పోసిన్నని."

"ఎందుకే?"

"నిన్ను షెడ్డులకెళ్లి ఎల్లగొట్టిండు గద."

"సూడు బిడ్డా, నా మీద కోపమొస్తే వాడు నాలుగు దినాలు ఉంటడు. నీ మీదనైతే ఏడాది మోస్తడు. కూరల ఉప్పెక్కువైనా ఇదే తీస్తడు. నాకు వాడు చిన్నప్పటి సంది ఎర్క. ఊకో."

ఊరుకున్నాను. ఆయన ఆ మాట అనగానే నాకు గుండె తేలికైంది. దాచడం ఎందుకు, అయింది. అందుకే మరీ సిగ్గు.

కానీ నాలుగు రోజులు కాదు, పది దాటాయి. మిషన్ బాగై ఇంటికి వచ్చింది. మా ఇంటాయన కోపం మాత్రం తగ్గలేదు. మామతో మాటే లేదు. మామ తిండి తగ్గింది. పళ్లెం పట్టుకొని గేటు దాకా పోయేవాడు కానీ ముద్ద నోట్లోకి పోయేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం చూస్తే అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఊరికే, చేతులు ఒడిలో పెట్టుకొని. మనిషి పడిపోయి ఉంటే కూడా అంత దడుచుకునేదాన్ని కాదు.

మా ఇంటాయన కొలతలకు కీసర పోయాడు. నేను షెడ్డులోకి పోయి కొత్త మిషన్‌ను తీసుకొచ్చి ఆయన ముందు వాకిట్లో పెట్టాను.

"వద్దు పిల్లా. వాడు అడుగు పెట్టద్దన్నడు."

"నిన్ను షెడ్డులకు రావద్దన్నడు గని, మిషన్‌ను వాకిట్లకు రావద్దన్లేదు గద మామా. నా బిందెల స్టాండు కాలు ఊగబట్టి ఏడాదాయె. వెల్డింగ్ ఇంట్ల ఊగే స్టాండు, వాడకట్టంత నవ్వుతున్నరు. పెట్టు రాడ్."

మామ స్టాండు కాలు ఊపి చూసి లేచాడు.

"నాకు గా అంకెలు కనవడవు," అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"నాకు కనవడ్తయ్. ఐదో తరగతి దాక చదివిన, అంకెలు రావా?"

మొదట తొంభై పెట్టాను. ఆయన నల్ల అద్దం మొహానికి అడ్డం పెట్టుకొని రాడ్ తగిలించాడు. చప్పుడు లేని మిషన్ కదా, నడుస్తుందో లేదో తెలియక గట్టిగా అదిమాడు. రాడ్ అతుక్కుంది. ఊడబీకి మళ్లీ తగిలించాడు. ఈసారి కాలికి చిన్న బొక్క పడింది. నన్ను తిట్టాడు, మిషన్‌ను తిట్టాడు, స్టాండును తిట్టాడు. ఎన్నాళ్లకు తిట్టాడో. "తగ్గించు," అన్నాడు. ఎనభై. "ఇంక." డెబ్బై. ఈసారి చేయి ఊరికే గాలిలో పోయినట్టు పోయింది. నూనెలో పూరీ వేగుతున్నట్టు సన్నటి చప్పుడు, అంతే. ఆయన చెవి దాన్ని పట్టుకుంది. ఆపి, అతుకు మీద కట్టిన నల్లటి పెంకును సుత్తితో ఒకటే దెబ్బ కొట్టాడు. పెంకు దానంతట అదే లేచిపోయింది. కింద అతుకు జడ అల్లినట్టు ఉంది.

బొటనవేలు పెట్టాడు. కాలుతుందని కూడా చూడలేదు.

"డెబ్బై," అన్నాడు. "మూడో రంధ్రం కంటె జరంత కింద." మళ్లీ అన్నాడు, "డెబ్బై." ఆ పూట నా ఇంట్లో ఊగేది ఏదీ మిగలలేదు. మంచం కోళ్లు, దండెం కొక్కెం, కోళ్ల గూడు తలుపు, అన్నీ అయ్యాయి. పక్కింటి వదిన తన మడత కుర్చీ కూడా తెచ్చింది.

సాయంత్రం మా ఇంటాయన వచ్చి కాళ్లు కడుక్కోబోయి బిందెల స్టాండు దగ్గర ఆగాడు. వంగి, బొటనవేలు పెట్టి తడిమాడు. మేనమామ దగ్గర నేర్చుకున్న బొటనవేలే కదా.

"ఎవరు పెట్టిన్రు గీ అతుకు?"

మామ గేటు దగ్గర నిలబడి ఆకాశం చూస్తున్నాడు.

"మామ పెట్టిండు. మిషన్ నేను తెచ్చిచ్చిన," అన్నాను. ఈసారి ఆగలేదు. "దసరా నాడు దాని మీద నీళ్లు పోసింది గూడ నేనే. మామ కాదు. నన్ను అడగకుండనే ఆయన నెత్తిన ఏసుకుండు."

మామ అటు తిరిగే, "దీని నోట్ల మన్ను వడ," అన్నాడు.

మా ఇంటాయన నన్ను చూడలేదు. కాళ్లకని ముంచిన చెంబెడు నీళ్లు చేతిలోనే ఉన్నాయి. వాటిని పారబోశాడు, మళ్లీ నింపాడు, మళ్లీ పారబోశాడు. లోపలికి పోయాడు. అన్నం తిని పడుకున్నాడు. నేను రాత్రంతా ఆ పక్కకు ఈ పక్కకు దొర్లుతూనే ఉన్నాను.

తెల్లవారి మిషన్‌ను షెడ్డులోంచి తెచ్చి అరుగు మీద పెట్టాడు. రాడ్లు, నల్ల అద్దం, సుత్తి ఒక సంచిలో వేసి దాని పక్కన పెట్టాడు. మామ వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అన్నాడు.

"కీసరల రెండో అంతస్తుల గ్రిల్లు బిగించాలె. నాకు ఈడ పని తెగుతలేదు. నువ్వు పోతవా?"

"అంకెలు..." అన్నాడు మామ.

"ఆడ వాచ్‌మన్ పెండ్లామున్నది, చదువుకున్నది. ఫోన్ల చెప్పిన. డెబ్బై పెడ్తది."

అంటే నేను చెప్పకపోయినా అతుకు చూసి అంకె, దానితో పాటు మామ కండ్ల సంగతి కూడా లెక్క కట్టుకున్నాడు. మా మామ తయారుచేసిన శిష్యుడు కదా.

మామ మిషన్ భుజానికి, సంచి చేతికి తగిలించుకొని గేటు దాటాడు. నేను వంటింట్లోకి పోయేసరికి కట్టి పెట్టిన అన్నం డబ్బా అక్కడే ఉంది. దాన్ని పట్టుకొని వెనుక పరుగెత్తాను. "మామా, ఆగు. ఓ మామా." ఆయన వినిపించుకున్నాడు. వినిపించుకున్నాడని నాకు తెలుసు, ఎందుకంటే నడక ఎక్కువ చేశాడు. నేను పిలిచిన కొద్దీ ఆ ముసలి కాళ్లు ఇంకా జోరందుకుంటున్నాయి. మిషన్ నడుముకు తగిలి ఎగురుతూ ఉంది. వెనక్కి తిరగడు. బస్ స్టాప్ దగ్గర, ఇక పోవడానికి ఎక్కడా చోటు లేక నిలబడ్డాడు. మిషన్‌ను రెండు చేతులా కడుపుకు అదుముకొని నా వైపు తిరిగాడు.

నేను రొప్పుతూ డబ్బా చాపాను. ఆయన డబ్బాను చూశాడు, నన్ను చూశాడు.

"గీ అన్నం కోసమా?" అన్నాడు. "నేను మళ్ల గుంజుకుంటరనుకున్న."